ఇస్త్రీ బల్ల దగ్గర సువార్త

స్కూలు యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో అందరూ ఆమెను రేడియో అక్క అనేవారు. మిషను మీద కాలరు కుడుతూనే కుడిపక్క వాళ్లకు కూతురి పరీక్షల గొడవ, ఎడమపక్క వాళ్లకు ఆడపడుచు అలకల కథ ఏకకాలంలో చెప్పగల మనిషి.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు, "మనలాంటి వాళ్లకే చెప్పుకుంటూ కూర్చుంటే సువార్త మన వీధి దాటేదెప్పుడు? ఈ వారం మీకు ఏ పోలికా లేని ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి" అన్నారు.

"ఇంకేం, నిన్ను పట్టుకునేవాళ్లు లేరు" అన్నాడు భర్త, మోచేత్తో పొడుస్తూ.

సోమవారం షెడ్డులో ఇస్త్రీ చేయడానికి కొత్తమ్మాయి చేరింది. రేడియో అక్క టీ గ్లాసుతో ఆమె వెనకే నిలబడి, దేవుడు తనకు చేసిన మేళ్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ అమ్మాయి తలైనా తిప్పలేదు.

"అబ్బో, ఎంత పొగరో!" అంటూ వచ్చి కూర్చుంటే, గుండీలు కుట్టే వదిన పడీపడీ నవ్వింది. "పొగరు కాదే తల్లీ, ఆ పిల్లకు పుట్టుకతోనే వినపడదు. చెవిటివాడి ముందు శంఖం ఊదావు. ఇంకెవరినైనా చూసుకో."

రేడియో అక్కకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ సామెత రోజంతా ముల్లులా గుచ్చింది. వినపడనంత మాత్రాన దేవుడి మాట ఆ పిల్లకు అక్కర్లేదా?

మర్నాడు నోరు మూసుకుని వెళ్లి, ఇస్త్రీపెట్టె చూపించి కనుబొమలెగరేసింది. అమ్మాయి అనుమానంగా చూసి, వేళ్లు తాకించినట్టు చేసి చటుక్కున వెనక్కి లాగింది. వేడి! రేడియో అక్క తనూ అలాగే చేసింది. ఆ రోజు దారం, సూది, ఆకలి కూడా చేతులతో చెప్పడం నేర్చుకుంది. వారం తిరిగేసరికి ఇంట్లో ఉప్పు కూడా చేతులతోనే అడగసాగింది.

"ఇదేం నాట్యమే?" అన్నాడు భర్త.

చేతులు తిరిగేకొద్దీ ఆ అమ్మాయి కథ తెలిసింది. ఇంట్లో ఆమె భాష ఎవరూ నేర్చుకోలేదు. అన్నానికి పిలవాలంటే భుజం తడతారు, అంతే. ఆమె మాటలన్నీ తనలాంటి ఐదుగురు స్నేహితులతోనే, సాయంత్రం బస్టాండులో.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం రేడియో అక్క గుండె చిక్కబట్టుకుని, 'దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు' అని చేతులతో చెప్పింది. అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, కడుపు పట్టుకుని నవ్వింది. చెయ్యి కాస్త అటు తిరిగి, దేవుడు నిన్ను ఇస్త్రీ చేస్తున్నాడని వచ్చిందట! కళ్లు తుడుచుకుని, అక్క వేళ్లు పట్టుకుని సరిచేసింది. ఆపైన నవ్వు ఆపేసి అడిగింది: 'మీ దేవుడికి చేతుల మాటలు అర్థమవుతాయా?'

'నాకంటే బాగా' అంది రేడియో అక్క.

ఆ ఆదివారమే అమ్మాయి చర్చికొచ్చింది. ఒక్కతే కాదు, ఐదుగురినీ వెంటబెట్టుకుని! రేడియో అక్క ముందుకెళ్లి నిలబడి, పాస్టరుగారి మాటలను చేతుల్లోకి మార్చసాగింది. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్లిన కాపరి కథ అది. గొర్రెను ఎలా చూపాలో తెలియక తల మీద కొమ్ములు పెట్టి "మే..." అని అరిచేసింది. చర్చంతా గొల్లుమంది.

"అయ్యగారూ, కాస్త ఆగండి, నాకు చెమటలు పడుతున్నాయి!"

ఇస్త్రీ అమ్మాయి లేచి వచ్చి పక్కన నిలబడింది. కాపరి వెతకడం, రాళ్ల మీద జారడం, గొర్రెను భుజాలకెత్తుకోవడం, అన్నీ ఆమె చేతుల్లో బతికొచ్చాయి. పాస్టరుగారు బోధ మానేసి ఆమెనే చూస్తూ, "ఇంకోసారి చూపించమనమ్మా" అన్నారు.

ఆ ఐదుగురిలో ముగ్గురు మళ్లీ రాలేదు. ఒకతను నాకు నమ్మకం లేదని మొహం మీదే చెప్పాడు, ఆరాధన అయ్యాక ఇచ్చే టీకి మాత్రం వస్తూనే ఉన్నాడు. మరొకామె ప్రతి ఆదివారం వచ్చింది. ఇస్త్రీ అమ్మాయి ఏడాది పాటు ప్రశ్నలు అడిగింది. రేడియో అక్క తొందరపెట్టలేదు. తెలియనివి తెలియవనే చెప్పింది.

ఒకరోజు భోజనాల వేళ అమ్మాయి ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపి పరుగున వచ్చింది. చేతులు గాలిలో ఎగిరిపోతున్నాయి.

'మెల్లగా! మెల్లగా!'

ఈసారి నిదానంగా చెప్పింది: 'బాప్తిస్మం తీసుకుంటాను. ఎవరూ చెప్పలేదు. నాకే కావాలి.'

రేడియో అక్క లేచిన ఊపుకు స్టూలు బోర్లాపడింది. "ఏమైందే?" అని గుండీల వదిన అరుస్తున్నా ఆగలేదు. క్యారియర్లు తెరిచినవి తెరిచినట్టే వదిలేసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇద్దరూ రెండు వీధులు పరుగెత్తారు. పాస్టరుగారు వాకిట్లో స్కూటరు కడుగుతూ తలెత్తి, "ఏంటమ్మా, ఏమైంది?" అన్నారు. రొప్పుతూనే ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.