రాయగలిగి చదవలేని ఖాసిం సాబ్

2022 ఆగస్టు. కామారెడ్డిలో స్పీచ్ థెరపిస్టుగా నేను పని మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్లయింది. స్టేషన్ రోడ్డులో రెండు గదుల క్లినిక్ నాది. బుధవారం మాత్రం పొద్దున్నే బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లి, ఒక డాక్టరుగారి ఆస్పత్రిలో వెనక గదిలో కూర్చునేదాన్ని. స్పీచ్ థెరపీ అంటే మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల కోసమే అనుకుంటారు చాలామంది. నిజానికి పెద్దవాళ్లు కూడా బాగానే వస్తారు. మెదడులో రక్తం గడ్డకట్టి స్ట్రోక్ వచ్చినప్పుడు కాళ్లు చేతులతోపాటు మాట, మింగడం, చదవడం, రాయడం ఏదైనా దెబ్బతినవచ్చు. పోయినదాన్ని వీలైనంత వెనక్కి తేవడం మా పని.

ఆ నెలలో ఒక బుధవారం, స్ట్రోక్ నుంచి కోలుకుంటున్న ఖాసిం సాబ్ వచ్చారు. పేరు మార్చి రాస్తున్నాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఎల్లారెడ్డి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నారు. భూమి అమ్మినా కొన్నా, ఇల్లు పంచుకున్నా ఆ కాగితం చక్కగా రాసిపెట్టడం ఆయన వృత్తి. కంప్యూటర్లు వచ్చాక కూడా ముసాయిదా ఆయన చేత్తోనే రాయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారట. వెంట భార్య జరీనా వచ్చింది. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది.

మొదట ఆమే మాట్లాడింది.

“మాట మంచిగనే ఉన్నది మేడం. నడుస్తడు, తింటడు, అందర్ని గుర్తువడతడు. గని సదువుతలేడు. కండ్లద్దాలు రెండుసార్లు మార్పిచ్చినం.”

“కండ్ల తప్పు కాదు,” అన్నారు ఖాసిం సాబ్. “అచ్చరాలు కనవడుతున్నయి. కాయిదం మీద చీమలు నడిచినట్టు కనవడుతున్నయి. అది తెలుగో అరవమో ఎర్కైతలేదు.”

“రాయడం?”

“రాసుడు వస్తది. అదే కదా మేడం తిప్పలు. రాసుడు వస్తది, సదువుడు రాదంటే ఎవలు నమ్ముతరు? ఆఫీసు కాడ నాటకమంటుండ్రు. పని జేసుడు ఇష్టం లేక గిట్ల జేస్తుండంటుండ్రు.” కాస్త ఆగి భార్య వైపు చూశారు. “నువ్వు గూడ అన్నవ్ గద.”

ఆమె కాదనలేదు.

నేను ఒక తెల్లకాగితం ఇచ్చి ఆయన గురించి నాలుగు వాక్యాలు రాయమన్నాను. జేబులోంచి పెన్ను తీసి ఎక్కడా ఆగకుండా రాశారు. ‘ఎల్లారెడ్డి నివాసి, వయస్సు 58 సంవత్సరములు, వృత్తి దస్తావేజు లేఖరి’ అంటూ అచ్చం దస్తావేజు భాషలోనే. అక్షరాలు వరసగా, ఒకే ఎత్తున, చూడముచ్చటగా ఉన్నాయి. కాగితం తీసుకుని ఫైలులో పెట్టాను. ఆరోగ్యం గురించి, నిద్ర గురించి పది నిమిషాలు వేరే మాటలు మాట్లాడాను. తర్వాత అదే కాగితం ఆయన ముందు పెట్టి చదవమన్నాను.

చాలాసేపు చూశారు. కాగితం దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు.

“దస్తూరి నాదే లెక్కున్నది,” అన్నారు చివరికి. “ఏం రాసి ఉన్నదో తెలుస్తలేదు.”

జరీనా లేచి వచ్చి కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. కానీ అది ఇప్పుడే తన కళ్లముందు ఆయన రాసిందని ఆమెకు తెలుసు. ఆయన నుదుటి మీద చెమట చూసి కొంగు అందించింది. ఆ రోజు తర్వాత ఇంట్లో నాటకం అన్న మాట రాలేదని ఆమె నాకు చెప్పింది.

దీన్ని ప్యూర్ అలెక్సియా అంటారు. అరుదుగా కనిపిస్తుంది. మెదడు వెనకభాగంలో ఎడమవైపు స్ట్రోక్ వస్తే, కంటికి కనిపించిన అక్షరం భాషను గుర్తించే చోటికి చేరే దారి తెగిపోతుంది. రాసే దారి వేరు కనుక అది మిగిలి ఉంటుంది. ఆయన స్కాన్‌లో దెబ్బ సరిగ్గా అక్కడే ఉంది. దాంతోపాటు చూపులో కుడి సగం కూడా పోయింది. గదిలోకి వస్తూ కుడి భుజం తలుపుకు తగిలించుకోవడం నేను అప్పటికే గమనించాను.

చికిత్స మొదలుపెట్టాం. కంటికి గుర్తులేని అక్షరం చేతికి గుర్తుంటుంది కాబట్టి ప్రతి అక్షరాన్నీ వేలితో అరచేతిలో దిద్దించి, ఆ కదలిక ద్వారా పోల్చుకునేలా సాధన చేయిస్తాం. ఆయన శ్రద్ధగా చేశారు. రెండు నెలలకు ఒక్కో అక్షరాన్నీ పట్టుకోగలిగారు. మ, వ దగ్గర మాత్రం తడబడేవారు. ఊరిపేరు రాసిన బోర్డు చదవడానికి, బస్సు వచ్చి వెళ్లిపోయేంత సమయం పట్టేది. నా ఫైలులో ఇది అభివృద్ధి. నిమిషానికి ఎన్ని అక్షరాలో గ్రాఫు గీసి ఆయనకు చూపించాను.

“గింతసేపట్ల నేను ఒక దస్తావేజు పూర్తి జేస్తుంటి,” అని ఆయన కాగితం పక్కకు జరిపారు.

నవంబరులో ఒక బుధవారం జరీనా ఒక్కతే వచ్చింది.

“ఇగ రానంటుండు మేడం. మొన్న ట్రంకుపెట్టె దీసి పుస్తకాలన్ని పాత పేపరాయనకు ఇయ్యుమన్నడు.”

“ఇచ్చారా?”

“ఇచ్చిన. ఇయ్యకపోతే అన్నం ముట్టనన్నడు. ఇచ్చినంక గూడ సక్కగ తింటలేడు.”

“ఏం పుస్తకాలు?”

“నాకెట్ల తెలుస్తది మేడం. పైన బొమ్మల తుపాకులుంటయి, ఆడోళ్లుంటరు. ముప్పై ఏండ్ల సంది సూస్తున్న. ఆఫీసుల కెల్లి వచ్చి పుస్తకం పట్టుకుంటే ఇగ నాకు దర్వాజ పెట్టినట్టే.”

మూడు నెలలుగా ఆయనను వారం వారం చూస్తున్నాను. ఆయన డిటెక్టివ్ నవలలు చదివేవారని నాకు అప్పుడే తెలిసింది. నేను అడగలేదు. దస్తావేజులు చదవడం గురించే అడిగాను, ఎందుకంటే ఫారంలో వృత్తి అన్న గడి ఉంది.

తర్వాతి వారం ఆయనను ఎలాగో ఒప్పించి తీసుకువచ్చింది. ఆడియో పుస్తకాల గురించి చెప్పాను. ఎవరో ఒకరు పుస్తకం మొత్తం పైకి చదివి రికార్డు చేస్తారు, ఫోనులో పెట్టుకుని వినడమే. ఆయన నవ్వారు, సంతోషంతో కాదు.

“చెవులతోని సదువుడేంది మేడం? రేడియో నాటకం అనుండ్రి.”

నేను మొదట తప్పే చేశాను. స్ట్రోక్ వచ్చిన మనిషి కదా, సులువుగా ఉండాలని పిల్లల నీతికథలు పెట్టిచ్చాను. వారం తర్వాత ఫోను నా బల్ల మీద పెట్టి, “నన్ను ఒకటో తరగతిల కూసోబెట్టిండ్రు,” అన్నారు. అప్పుడు ఆయననే అడిగాను ఏం కావాలని. హత్య జరగాలి, పోలీసు తెలివైనవాడై ఉండాలి, మధ్యలో పాటలు ఉండకూడదు అన్నారు.

వెతకడం అనుకున్నంత తేలిక కాలేదు. పేర్ల వరస ఆయన చదవలేరు. మైకు గుర్తు నొక్కి “హత్య నవల” అంటే సినిమా పాటలు, నేరవార్తలు వచ్చేవి. ఎన్నో తిప్పలు పడ్డాక “తెలుగు ఆడియో నవల, డిటెక్టివ్, మొదటి భాగం” అని నిదానంగా పలికితే పని జరుగుతుందని తెలిసింది. ఆయన నోట ‘భాగం’ అన్న మాట ఫోనుకు అర్థమయ్యేసరికి ఆ పూట గడిచిపోయింది. ఉచితంగా దొరికేవాటిలో కొన్నింటిని మనుషులు చదువుతారు, కొన్నింటిని యంత్రం చదువుతుంది. యంత్రం గొంతు రెండు వాక్యాలు విని “వీనికి శోకం లేదు, సంతోషం లేదు” అని తీసేయించారు.

చివరికి ఒక నవల కుదిరింది. రైసు మిల్లు యజమాని హత్యతో మొదలవుతుంది, నలభై భాగాలు. చదివే ఆయన గొంతు బాగుందిగానీ పరుగెడుతున్నాడన్నారు. వేగం తగ్గించాను. బాగా తగ్గిస్తే “తాగినోని లెక్క మాట్లాడుతుండు” అన్నారు. మధ్యలో ఒక వేగం ఆయనకు కుదిరింది.

ఫోను మీద గుర్తులను పేర్లతో కాకుండా చోటుతో నేర్పాను. నడుమ ఉన్నది నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే నడుస్తుంది. ఎడమది నొక్కితే కొంచెం వెనక్కి పోతుంది. కుడివైపు ముందుకు పోయే గుర్తు ఉంది, కానీ చూపులో ఆ సగం లేదు కనుక ఆయనకు అది దొరికేది కాదు. అది ఎక్కడుందని మళ్లీ మళ్లీ అడిగేవారు. తల తిప్పి వెతకమని చెప్పాను. అప్పుడు ఒక సంగతి బయటపెట్టారు. నవల ఏదైనా సరే, మొదట ఆఖరి పేజీ చదివి, హంతకుడెవరో తెలుసుకుని, ఆ తర్వాత మొదలుపెట్టడం ఆయన అలవాటట. ముందుకు పోయే గుర్తు గురించి ఆయన అంతగా అడగడానికి కారణం అదీ.

“దొరకకపోతే మంచిగనే అయితది,” అంది జరీనా.

రెండు వారాలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కరే విన్నారు. మొదట్లో పదినిమిషాలకే నిద్రపోయేవారు, కథ దారి తప్పేది, వెనక్కి వెళ్లేవారు. ఒకరోజు వింటూ వింటూ నవ్వారట. బీడీల చాట ముందు కూర్చున్న జరీనా ఎందుకు నవ్వావని అడిగింది. చెప్పబోయి, సగంలో ఆగి, వైరు ఊడబీకి ఫోను చాట పక్కన పెట్టారు. అక్కడినుంచి ఇద్దరూ కలిసి విన్నారు. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, ఏ పనికీ చెవులు అక్కరలేదు.

జనవరిలో వచ్చినప్పుడు ఇద్దరూ ఏదో గొడవలో ఉన్నట్టు కనిపించారు. విషయం ఏమిటంటే, ఇరవయ్యో భాగంలోనే హంతకుడు మిల్లులో లెక్కలు రాసే మునీమని జరీనా తేల్చేసింది. ఆయన ఒప్పుకోలేదు. యజమాని మేనల్లుడే చంపాడని పందెం కట్టినంత పట్టుగా ఉన్నారు. ఒకరోజంతా మాట్లాడుకోలేదట. నలభయ్యో భాగంలో మునీమే అని తేలింది.

“నీకెట్ల తెలిసింది?” అని నా ముందే అడిగారాయన. అప్పటికే చాలాసార్లు అడిగి ఉంటారు.

“పోలీసాయన అడగకముందే జవాబు చెప్తున్నడు వాడు,” అంది జరీనా. “పొద్దంత నలుగురం ఆడోళ్లం కూసోని బీడీలు చేస్తం. ఎవలు నిజం చెప్తుండ్రో ఎవలు చెప్తలేరో చేతులు ఆగకుంటనే ఎర్కైతది. మొఖం సూడవలసిన పని లేదు.”

“కాయిదం మీద తప్పు పట్టుడు నాకు తెలుసు మేడం,” అన్నారు ఖాసిం సాబ్. “చెవితోని పట్టుడు ఈమె దగ్గర నేర్సుకోవాలె.”

అది మర్యాదకు అన్న మాట అనుకున్నాను. కానీ ఆ తర్వాత ఆయన వినే పద్ధతి మారింది. ఒక్కో భాగం అయిపోగానే ఫోను ఆపి, ఎవరు ఏమన్నారో వరసగా భార్యకు తిరిగి చెప్పేవారు. తప్పితే ఆమె దిద్దేది. ఇలాంటిది నేను చేయించాల్సిన సాధన. వినికిడి జ్ఞాపకం పెంచడానికి మా దగ్గర విసుగు పుట్టించే అభ్యాసాలు ఉన్నాయి. వాళ్లు నా ప్రమేయం లేకుండానే నవల మీద చేసుకున్నారు.

ఏప్రిల్‌లో ఒక బుధవారం ఎల్లారెడ్డిలో మధ్యాహ్నం పనిలేక రిజిస్ట్రేషన్ ఆఫీసు వైపు వెళ్లాను. రేకుల పందిరి కింద ఖాసిం సాబ్ కనిపించారు. ముందు బల్ల లేదు, కాగితం లేదు. పక్క బల్ల దగ్గర లింగం అనే దస్తావేజు లేఖరి తాను రాసిన ముసాయిదా పైకి చదువుతున్నాడు. ఈయన కళ్లు మూసుకుని వింటున్నారు.

“ఆగు లింగం,” అన్నారు. “తూర్పుకు బాట అన్నవ్. పడమరకు గూడ బాటనే అన్నవ్. పైన ఒక్కటే బాట అని సదివినవ్ గద?”

లింగం కాగితం చూసుకుని తలగోక్కున్నాడు. కొట్టేసి దిద్దాడు.

నాటకం అన్నవాళ్లలో తానూ ఉన్నానని లింగమే నాకు చెప్పాడు. “నాలుగు హద్దులు ఒక్కసారి వింటే సాలు, అన్నకు యాదుంటది,” అన్నాడు. “ఇప్పుడు ఇనిపియ్యకుంట నేను ఏ కాయిదం లోపలికి పంపుతలేను.” ఖాసిం సాబ్ ఆ మాట విననట్టు కూర్చున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఏడాది నిండాక ఫైలు మూసే ముందు చివరి పరీక్ష చేశాను. ఒక వాక్యం చదవడానికి దాదాపు నిమిషం పట్టింది. అరచేతిలో దిద్దుకుంటూ, తడబడుతూ. నిబంధనల ప్రకారం నివేదికలో ‘చదవడం: రోజువారీ అవసరాలకు చాలదు’ అని రాశాను. ఆ మాటలో అబద్ధం లేదు. ఆయనకు వినిపించాను కూడా.

“కరెక్టే రాసిండ్రు,” అన్నారు. “పుస్తకాలు ఇచ్చేసిన రంధి మాత్రం పోలేదు మేడం. గవ్వి మల్ల రావు.” తర్వాత జరీనా వైపు తిరిగి, ఇంటికి పోయాక ఏ నవల మొదలుపెట్టాలో అడిగారు. ఈసారి ఆమె దొంగతనం కథ కావాలంది.

చికిత్స పరంగా ఈ కేసు నాకు విజయం కాదు. తెగిన దారిని నేను అతకలేకపోయాను. నేను నేర్చుకున్నది వేరే. మూడు నెలలు అక్షరాలు లెక్కపెట్టాను, ఆ అక్షరాలతో ఆ మనిషి ఏం చేసుకునేవారో అడగలేదు. అడిగి ఉంటే ఆ ట్రంకుపెట్టె ఖాళీ అయ్యేది కాదేమో.

ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి రోజే అడుగుతాను, పని అయిపోయాక ఏం చేస్తే పొద్దు తెలియకుండా పోయేదని. కొందరు సిగ్గుపడతారు. కొందరికి చెప్పడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మా ఫారంలో దానికి గడి లేదు. కాగితం అంచున, ఖాళీ ఉన్నచోట, పెన్నుతో రాసుకుంటాను.