చిక్కు వెంట్రుకల భద్రమ్మ

మా కాశిబుగ్గ వాడలో భద్రమ్మ కేక వినబడితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. "చిక్కెంటికలకు స్టీల్ గిన్నెలమ్మా" అంటూ వస్తుంది. ఆడవాళ్లు కిటికీ సందుల్లోంచి, బాత్రూం తలుపు వెనక నుంచి క్యారీబ్యాగులు తెచ్చి ఆమె ముందు పడేస్తారు. దువ్వినప్పుడల్లా రాలిన నాలుగు పోగులను వేలికి చుట్టి, దిష్టి తగలకుండా తూ తూ అని ఉమ్మి దాచినవి అవి. నూనె, చుండ్రు, పేలు, ఆ ఉమ్మి, అన్నీ కలిసి కొన్నాళ్లకు పిడికెడు ఉండ అవుతుంది. వాడంతా తిరిగేసరికి భద్రమ్మ సంచిలో ఆ ఉండలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే ముద్ద. ఆ వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. మా అత్తగారు అలా దాచి దాచి ఒక స్టీల్ గ్లాసు సంపాదించింది. అందులో నేను నీళ్లు తాగను.

భద్రమ్మ మాత్రం మా అరుగు మీద కూర్చుని, ఆ ముద్దలో రెండు చేతులూ పెట్టి చిక్కు తీస్తూ మనుమరాలు సింధు ముచ్చట్లు చెబుతుంది. ఈ బేరం మీదే కూతురు కమలను పెంచి పెళ్లి చేసింది. సింధు ఓణీల ఫంక్షన్ దగ్గరపడ్డ నాటి నుంచి ఒకటే మాట.

"పూలజడ నేనే ఏస్త బిడ్డా. దాని పుట్టెంటికలు తీసిన కాన్నుంచి గదొక్కటే ఆశ."

ఫంక్షన్‌కు నన్నూ తోడు తీసుకుపోయింది. తలంటుకుని, చేతులకు పసుపు రాసుకుని, కొత్త చీర కట్టుకుంది. సింధు వెనక కూర్చుని తల మీద చెయ్యి వెయ్యబోతుంటే కమల వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ముట్టకే అమ్మా. అందరి ఎంటికలు పిసికిన చేతులాయె. సుట్టాలు సూస్తున్నరు."

భద్రమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. చేతులు కొంగులో దాచుకుంది. నాకు కమలను చూస్తే రోత పుట్టింది. ఇంతలో పార్లర్ ఆమె వచ్చి, సింధు పొట్టి జుట్టుకు నడుము దాకా సవరం పెట్టి అల్లి, పూలు చుట్టింది. కమల ఆ జడను ముద్దుగా నిమిరింది. "అసలైన ఎంటికలేనట. హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిన" అని చుట్టాలందరికీ చూపించింది. సింధు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని మురిసిపోతోంది.

ఎందరి తలల నుంచి రాలిందో, ఎందరు ఉమ్మారో, ఏ భద్రమ్మ చిక్కు తీసిందో ఆ సవరం. కమల మొహం మీదే అనేద్దామని లేచాను. భద్రమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా కిందికి లాగింది.

"చెప్పకు బిడ్డా. తీసి పారేస్తది. పిల్ల మొకం చిన్నబోతది."