ఫోటో ముట్టినట్టు అక్నాలెడ్జ్‌మెంట్

అరవై నాలుగేళ్ల కుర్రతనంలో, ఒక్క మౌసు నొక్కుతో నన్ను నేను అంతర్జాతీయ దొంగగా నిర్ధారించుకున్న వైనం ఇది. తేదీలతో సహా నా నోటుబుక్కులో ఉంది; బుకాయించే వీలు లేదు.

నాలుగేళ్ల క్రితం, నూజివీడులోని మా చర్చి వజ్రోత్సవ సంచికకు పాత ఫోటో కావలసివచ్చింది. ఒక విదేశీ గ్రంథాలయం సైటులో కనబడింది: మామిడి తోట నడుమ మా చర్చి. హనుమాన్ జంక్షన్‌లో ప్రెస్సు నడిపే రత్నరాజు పెదవి విరిచాడు.

"తపాలాబిళ్ళంత ఉందండీ. అచ్చేస్తే కోళ్లగూడనుకుంటారు. ఫుల్ రిజల్యూషన్ తెండి."

తెచ్చాను. ఒక్క నొక్కుకే ఆకుల ఈనెలతో సహా దిగింది. రసాల తోటలో కాయ తెంపితే కాపలావాడైనా కేకేస్తాడు. ఇక్కడ కేకే లేదు. ఆ నిశ్శబ్దానికే అనుమానమొచ్చి పేజీ కిందికి దిగాను.

అప్పుడు చూశాను, అడుగున ఇంగ్లిషు వాక్యం: కాపీరైట్ గడువు తీరింది, ఎవరైనా వాడుకోవచ్చు, గ్రంథాలయాన్ని అక్నాలెడ్జ్ చేయగలరు.

పాఠకులారా, ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో టపాలు పంచిన గుమాస్తాకు అక్నాలెడ్జ్‌మెంట్ అంటే ఒకటే అర్థం: ముట్టినట్టు సంతకం. సంతకం పెట్టకుండా పట్టుకుపోయేవాణ్ణి ఏమంటారు? సైటంతా గాలించాను. సంతకం చేసే చోటే లేదు!

రత్నరాజుకు ఫోన్ చేశాను. "సంతకం పెట్టకుండా తెచ్చానయ్యా. కేసవుతుందా?"

"కాపీరైటంటే మాటలా సార్? నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకండి బాబూ!"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడేమో గాని, ఇంటర్నెట్ దొంగను కంప్యూటరే పట్టిస్తుందట. సంచిలో రెండు చొక్కాలు, బీపీ మాత్రలు, నోటుబుక్కు సర్దుకున్నాను. గేటు ముందు ఆటో ఆగింది. సంచి చంకనెత్తుకున్నాను.

"ఏవండీ, ఆ సంచేంటి?" అంది నా భార్య సువార్తమ్మ.

"పోలీసులొస్తే ఆలస్యం కాకూడదని."

"వాళ్లొస్తే పళ్లు కోసిపెడతాను గానీ, ముందు ఆటోలోంచి మామిడిపళ్ల ట్రే దించండి."

మర్నాడే మూడు ప్రతులలో వాంగ్మూలం రాశాను: 'ఫోటో ఒకటి, చిరుగులు లేకుండా ముట్టినది. భయముచేత దానిని ఇందువెంట తిరిగి పంపుచున్నాను. కంప్యూటరులోనిది చెరిపివేసితిని.' సంతకం చాలదేమోనని ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేసి, ఫోటోను కాగితం మీద తీసి జతపరచి, రిజిస్టరు పోస్టులో పంపాను.

ఇరవై ఆరు రోజులు అన్నం సహించలేదు. అప్పుడొచ్చింది మెయిలు.

'మీరు తిరిగి పంపిన ఫోటో చేరింది. అయితే అసలుది మా వద్దే ఉన్నది. ఫోటో కింద మా పేరు అచ్చువేస్తే చాలు, అక్నాలెడ్జ్ చేయడమంటే అంతే. మీ లేఖ మాకెంతో నచ్చింది. మా సైటులో ఉంచడానికి అనుమతిస్తారా?'

సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సిగ్గుతో సరేనన్నాను.

నెల తిరిగాక రత్నరాజు ఫోన్ చేశాడు. "సార్, చర్చి ఫోటో మళ్లీ నేనే దింపానండీ. పక్కనే మీ ఉత్తరం, వేలిముద్ర! ఫుల్ రిజల్యూషన్. గీతలు లెక్కపెట్టుకోవచ్చు!"

"ఖబడ్దార్! అది నా రచన. కాపీరైట్ నాది. అచ్చేశావంటే కేసు పెడతాను!"

"అయ్యో, ఫోటో పక్కనే సంచికలో అచ్చయిపోయిందండీ. భయపడకండి, కింద మీ పేరేసి అక్నాలెడ్జ్ కూడా చేశాను!"

కావున ఇందుమూలముగా ప్రమాణము చేయునదేమనగా: ఇకమీదట ఎవరేమి అడిగినను నేను వేలిముద్ర వేయను. ఈ ప్రమాణము చదివినవారు ముట్టినట్టు సంతకము చేయనవసరము లేదు.