మావయ్య నీళ్లు పోయనివ్వని చెట్టు

వాకిట్లో మొక్కకు చెంబుడు నీళ్లు పోసినందుకు ఒక మనిషి ఇంటిల్లిపాదినీ అంతగా విసిగించాలా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. పోయిన నెల మావయ్య పోయారని అత్తయ్య ఫోను చేసినప్పుడు కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ముందు గుర్తొచ్చింది ఆ విసుగే.

మావయ్య మా అమ్మ తమ్ముడు. మస్కట్‌లో పద్నాలుగేళ్లు ఒక పెద్ద బంగళాలో తోటపని చేసి, తొంభైల నడుమ రాజోలు దగ్గర సొంతూరికి తిరిగొచ్చేశారు. అందరూ టేప్‌రికార్డర్లు తెస్తే ఈయన లుంగీలో చుట్టి ఒక కొమ్మ ముక్క తెచ్చారు. యుక్కా అట. ఎండకు మాడే నేలలో మాను కట్టి, కొసన కత్తుల్లాంటి ఆకులతో పెరిగే చెట్టు.

నాటే ముందు కోసిన గాటు ఆరాలని దాన్ని అటక మీద పెట్టారు. వాడిపోతోందని జాలిపడి అత్తయ్య నీళ్ల బకెట్లో నిలబెట్టింది. వారానికల్లా కుళ్లింది. మస్కట్ నుంచి సెలవుకు వచ్చేవాళ్లను బతిమాలి ఇంకోటి తెప్పించి, ఇటుక ముక్కలూ ఇసుకా కలిపి నడుమెత్తు దిబ్బ పోసి, దాని మీద నాటారు. మా వైపు బియ్యం కడిగిన నీళ్లు ఊరికే పారబోయరు, దగ్గరున్న మొక్క మొదట్లో పోస్తారు. అత్తయ్య దీనికీ అలాగే పోసింది. అదీ పోయింది.

“దాహమేస్తది కదండీ పాపం,” అంది అత్తయ్య.

“నీ జాలితోనే చంపేత్తన్నావే దాన్ని.”

మూడోదానికి వానాకాలమంతా గొడుగు కట్టారు. పక్కింటాయన గోడ మీంచి చూసి, “ఏవండోయ్, చెట్టుకి గానీ జొరమా అండీ?” అన్నాడు.

“ఆయ్. మీరు చూడ్డం మానేస్తే తగ్గుద్దండి.”

సెలవులకు వెళ్లిన నాచేత కూడా ఆ గొడుగు సర్దించేవారు. తడుస్తూ ఒకసారి అడిగేశాను. “కొబ్బరికాయ పారేసినా మొలిచే నేల మావయ్యా ఇది. నీళ్లు పడనిదాంతో ఎందుకండీ మనకీ యాతన?”

“అక్కడ బంగళాలో ఇవి బోల్డు వేసేనమ్మా. ఒక్కదాని కిందా కుర్చీ వేసుక్కూర్చోలేదు. మనవి కావుగా.”

“దీనికి నీడెక్కడుందండీ?”

“ఉన్నకాడికి చాల్లే.”

నీళ్లు పొయ్యడం ఎవరికైనా వచ్చు, ఊరుకోవడమే నేర్చుకోవాలి అనేవారు. నేను లెక్చరర్నయ్యాక, ప్రశ్న అడిగి జవాబూ నేనే చెప్పేసే తొందర కొంత తగ్గించుకున్నది ఆ మాటతోనే. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.

చివరికి అది ఆయనకంటే ఎత్తు ఎదిగింది. ఒక ఎండాకాలం గంటల్లాంటి తెల్లపూల గెల వేసింది. ఆయన కుర్చీ తెచ్చుకుని దాని కింద ఎండలోనే కూర్చున్నారు. ఎవరినీ పిలవలేదు.

దినకర్మలకు వెళ్లినప్పుడు చూశాను. అత్తయ్య బిందెతో నీళ్లు తెచ్చి ఆ దిబ్బ మీద పోస్తోంది. “ఇన్నాళ్లూ పొయ్యనిచ్చేరు కాదు. ఇప్పుడెవరడ్డమమ్మా,” అంది. మాట మెల్లగానే ఉంది. మొన్న ఆదివారం వెళ్తే రెండు పూటలా పోస్తోంది. కింది ఆకులు పసుపెక్కాయి. మాను మొదట్లో వేలితో నొక్కితే కొంచెం మెత్తగా తగిలింది.

వద్దంటే ఆయన కోసం ఆవిడ చేసుకుంటున్న ఒక్క పనీ లాక్కున్నట్టవుతుంది. అనకపోతే ఆయన చెట్టు దక్కదు. ఏది చెయ్యాలో నాకింకా తేలలేదు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని బిందె వంచుతుంటే, ఇసుక గుటకలు వేస్తున్నట్టు నీళ్లు ఇంకిపోవడం చూస్తూ నిలబడ్డాను.