డాక్టర్ క్వాస్ట్ ఒప్పుకోని మాట

ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్ లాంబర్ట్ క్వాస్ట్ గారికి అస్సలు గిట్టని మాట ఒక్కటే: "పోయాడు". కాలువలోంచి తీసినవాణ్ణి చూసి ఎవరైనా ఆ మాటంటే, "ఎక్కడికి పోయాడు? ఎదురుగానే ఉన్నాడుగా!" అని కసిరేవారు.

ఒకసారి వీధిలో వెళ్తున్న శవపేటికను ఆపించి, మూత తీయించి, లోపలున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని నాడి చూశారు.

"మూడు రోజులైందండీ," అన్నాడు కొడుకు.

"తొందరపడుతున్నారేమో!"

ఆయనతో అందరికంటే ఎక్కువ వేగింది వంటమనిషి ఆల్చే. పొయ్యి రాజేసే తిత్తి వంటింట్లో ఉన్న రోజు తక్కువ. మునిగినవాళ్ళకు గాలి ఊదడానికి దాన్నే పట్టుకుపోయేవారు.

"అయ్యగారూ, అది నా తిత్తి!"

"ఊపిరి వాళ్ళది, ఆల్చే!"

ఒక నవంబరు మధ్యాహ్నం ఆయన బఠాణీ సూపు తాగుతుండగా బయట కేకలు వినిపించాయి. బట్టలుతికే గ్రీట్ కాలువలో తేలిందట. తిత్తితో ఆయనా, వెనకాలే ఆల్చే పరుగెత్తారు.

గ్రీట్‌ను సగం నీళ్ళలోనే వదిలేసి జనం చుట్టూ నిలబడ్డారు. అధికారి రాకముందే ముట్టుకుంటే నేరం తమ మెడకు చుట్టుకుంటుందని వాళ్ళ భయం.

"పోయిందండీ," అన్నాడు పడవవాడు.

"నోర్మూసుకుని కాళ్ళు పట్టు!"

ఒళ్ళు రుద్దించారు, దుప్పట్లు కప్పించారు, తిత్తితో ఊదారు. అది చూసి జనం నవ్వారు. గంట గడిచింది. జనం నవ్వడం మానేశారు. ఆ నీలి పెదవులు చూడలేక ఆల్చే ఆయన భుజం పట్టుకుంది. "చాలండీ, ఇక వదిలేయండి."

ఆయన వినలేదు. ఊదుతూనే ఉన్నారు. ఉన్నట్టుండి గ్రీట్ గొంతు గురగురలాడింది. నీళ్ళు కక్కి, ఏడ్చింది.

అధికారి అప్పుడు దిగాడు. "తనే దూకిందా?"

ఔనంటే చెరసాల, జన్మంతా తలవంపులు. గ్రీట్ కళ్ళు మూసుకుంది.

"కాలు జారింది. నేను చూశాను," అన్నారు డాక్టరు.

ఆల్చే ఉలిక్కిపడింది. ఆయన చూసిందల్లా సూపు గిన్నె! ఏడేళ్ళుగా ఆయన అధికారులకు రాసిచ్చిన కాగితాల్లో మునిగినవాళ్ళంతా కాలుజారినవాళ్ళే ఎందుకయ్యారో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని ఆల్చే ఒకడుగు ముందుకేసింది.

"నేనూ చూశానండీ. ఆ మెట్ల నిండా నాచే!"

ఆ సాయంత్రం గ్రీట్‌ను పొయ్యి పక్కన పడుకోబెట్టారు. డాక్టరు కుర్చీ లాక్కుని, నిమిషానికోసారి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నారు.

నాలుగోసారి ఆమె కళ్ళు తెరవకుండానే గొణిగింది. "బతికే ఉన్నానండీ. కాస్త నిద్రపోనివ్వండి."

"పడుకో తల్లీ, పడుకో," అంటూ ఆయన మళ్ళీ వేలు పెట్టారు.