గొడుగులాయన, లాండ్రీ ఆవిడ, దారితప్పిన వాన

గొడుగులాయనకు నేల చూసి నడిచే అలవాటు లేదు. తలెత్తి మబ్బుల్ని వెతుక్కుంటూ నడిచేవాడు, ఎదురొచ్చినవాళ్లే పక్కకు తప్పుకునేవాళ్లు. బజారు మలుపులో ఆయన కొట్టు. దాన్ని ఆనుకునే ఆయన భార్య నడిపే లాండ్రీ. ఆయనకు వాన కావాలి, ఆవిడకు ఎండ కావాలి. ఆ దంపతులు దణ్ణం పెట్టుకుంటుంటే దేవుడు చెవులు మూసుకుంటాడని ఊళ్లో నవ్వుకునేవారు.

ఆ ఊరి వానలకు ఒక వరస ఉండేది. ఎండలు ముదిరాక ఓ సాయంత్రం రేకులు ఎగరగొట్టే గాలివాన వచ్చిపోయేది. గొడుగులాయన మీసం మెలేసేవాడు. కొన్నాళ్లకు ముసురు పట్టేది. ఇక అది వదిలేదాకా ఇంట్లో ఆయన మాటే వేదం. అడక్కుండానే కాఫీ చేతికొచ్చేది. ఆరని బట్టల వాసన మధ్య ఆవిడ నోరు మెదిపేది కాదు. చివర్లో ఒకటో రెండో తుపాను వానలు పడి చలి మొదలైతే, ఆ తర్వాత చుక్క రాలేది కాదు. డాబా మీద దుప్పట్లు రెపరెపలాడేవి. అప్పుడు కాఫీ కలపడం ఆయన వంతు. ఆయన తల్లికి మాత్రం అన్ని కాలాలూ ఒకటే. ముసురులో “నా కొడుకు బంగారం” అనేది, ఎండ కాయగానే “నా కోడలు వజ్రం” అనేది.

ఒక ఏడు వానలు దంచికొడతాయని రేడియోలో చెప్పారు. గొడుగులాయన ఎగిరి గంతేసి సరుకు దింపించాడు. కొట్టు నిండింది, ఇల్లు నిండింది, ఆఖరికి మంచం కిందా గొడుగులే. మునిసిపల్ చైర్మన్‌గారు వరద జాగ్రత్తల మీద సభ పెట్టి, అనుభవజ్ఞుడని ఆయన్నీ వేదిక మీద కూర్చోబెట్టారు. ఎండ మండిపోతుంటే జనం వరద కరపత్రాలతో విసురుకుంటూ ఉపన్యాసాలు విన్నారు.

ముసురు పట్టాల్సిన రోజులు వచ్చాయి, వెళ్లాయి. వాన మాత్రం ఊరి పొలిమేర తొక్కలేదు.

“ఏమండీ, ఎండకైనా జనం గొడుగేసుకుంటారుగా. ఆ ముక్క బోర్డు మీద రాయించరాదూ?” అంది భార్య.

“ఎండకా? నా గొడుగులకి ఓ పరువుందే!”

“ఉంది, మంచం కింద. రాత్రంతా నా వీపుకి గుచ్చుకుంటూనే ఉంది.”

ఆయన అలిగాడు. ఆవిడ ఊరుకోలేదు. గొడుగుల్ని లాండ్రీ బల్ల మీదకు చేర్చి, బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటి అంటగట్టింది. చలి మొదలయ్యేసరికి ఒక్కటీ మిగల్లేదు. కొట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, ఆయన ఓ రోజు ఎవరూ పిలవకుండానే డాబా ఎక్కి బట్టలు ఆరేయడం మొదలుపెట్టాడు. దులపడం, తిరగేయడం, అంచులు సరిచూడడం, అన్నీ ఆయనకు నచ్చాయి. కానీ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఓ మధ్యాహ్నం చైర్మన్‌గారింటి పెళ్లి కోట్లు తీగ మీద ఉన్నాయి.

“నేను ఇస్త్రీ దగ్గరుంటా, పైన ఓ కన్నేసి ఉంచండి,” అంది భార్య.

“చలికాలంలో వానేంటే? వాన గురించి నాకా చెప్తావ్!” అని ఆయన పిట్టగోడకు చేరగిలి, నీరెండలో కునుకు తీశాడు. ముక్కు మీద చుక్క పడితే దుప్పటి కారుతోందనుకుని పక్కకు జరిగాడు. కళ్లు తెరిచేసరికి ఆకాశానికి చిల్లు పడినట్టు కురుస్తోంది.

తడిసిన కోట్లు మోసుకుంటూ కిందికి దిగితే, చలికాలం కదా అని గొడుగులు ఇంట్లో వదిలేసి వచ్చిన ఊరు ఊరంతా కొట్టు ముందే ఉంది.

“గొడుగుందా?”

“లేదండీ.”

“గొడుగుల కొట్లో గొడుగు లేదా? వానొచ్చిన రోజునే లేకపోతే ఇంకెందుకయ్యా కొట్టు?” అని స్కూలు పెద్ద పంతులమ్మగారు దులిపేసింది.

అంతలో చైర్మన్‌గారు దిగారు.

“నా కోటేదీ?”

“ఆరుతోందండీ.”

“ఎక్కడ?”

“నా భుజమ్మీద.”

భార్య ఒక్క క్షణం గొడుగుల కొట్టు వైపు చూసింది. గొడుగులు వేలాడాల్సిన కొక్కేలన్నీ బోసిగా ఉన్నాయి. కోట్లన్నీ వాటికి తగిలించి, ఇస్త్రీపెట్టెల్లోని నిప్పులు కుంపట్లోకి ఎత్తి కింద పెట్టింది. అత్తగారు విసనకర్ర అందుకుంది. చైర్మన్‌గారు పీట మీద కూర్చుని, గొడుగులాయన కలిపిన కాఫీ తాగుతూ కాపలా కాశారు.

కోటు చేతులు ఆరుతుండగా గొడుగులాయన భార్య పక్కకు చేరి గొణిగాడు.

“నువ్వు అమ్మబట్టే కొట్టు ఖాళీ అయింది, కోట్లకు కొక్కేలు దొరికాయి. లేకపోతే ఇవాళ పరువు పోయేది.”

“ఏంటీ? వాన హోరులో వినపడ్డంలేదు.”

ఆయన చైర్మన్‌గారి వైపోసారి, తల్లి వైపోసారి చూశాడు. గొంతు సవరించుకుని, బజారంతా వినపడేలా మళ్లీ చెప్పాడు.