ఆ బ్యాడ్జీ అక్కడ చెల్లుతుందా

ఎనభైల మొదట్లో ఒక జూలైలో నేనూ నా భార్యా బర్మింగ్‌హామ్ నుంచి అమెరికా వెళ్ళాం. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బని తేలి అప్పటికి మూడేళ్ళు. ఇంట్లో చేతికర్రతో తిరిగేది. బయట వంద అడుగులు దాటితే కాళ్ళు మాట వినేవి కావు. ఎండ తగిలితే ఆ కాస్త నడకా ఉండేది కాదు. నడవగలిగినప్పుడే చూసి వద్దామని ప్రయాణానికి ఆమే పట్టుబట్టింది.

పార్సిప్పనీ అనే ఊళ్ళో, నాతో మెడిసిన్ చదివిన స్నేహితుడి ఇంట్లో దిగాం. నడవలేనివాళ్ళ కార్లకు ఇంగ్లండ్‌లో ఇచ్చే నారింజ రంగు బ్యాడ్జీని పాస్‌పోర్టులతోపాటు తెచ్చుకున్నాను. అది చూసి స్నేహితుడు, "ఇక్కడ స్టేట్‌కో రూల్ రా. వాడేముందు పోలీస్ స్టేషన్‌కి ఒక్క ఫోన్ చేసి కనుక్కో," అని నంబరు రాసిచ్చాడు.

నేను చేయలేదు. ఫోను వంటింటి గోడకుంది. అక్కడ నిలబడి, అందరూ వింటూండగా, నా భార్య ఎంత దూరం నడవగలదో ముక్కూమొహం తెలియనివాడికి చెప్పడం నాకు చిన్నతనమనిపించింది. కారు ఆపేచోట నేలమీద వేసే చక్రాల కుర్చీ బొమ్మ ఏ దేశంలోనైనా ఒకటే కదా అనుకున్నాను. మర్నాడు అద్దెకారు ఎక్కుతూ ఆమె, "కనుక్కున్నారా?" అంది.

"కనుక్కున్నాను. పర్లేదన్నారు," అన్నాను.

ఆమెకు మెత్తటి బూట్లు కావాలి. షాపింగ్ మాల్‌లో, తలుపుకి దగ్గరగా ఆ బొమ్మ ఉన్నచోట కారు ఆపి, అద్దం వెనక బ్యాడ్జీ పెట్టాను. గంటన్నర తర్వాత బూట్లు కొనుక్కుని బయటికొస్తే అక్కడ కారు లేదు. మాల్ కాపలాదారు నింపాదిగా చెప్పాడు, ఈ స్టేట్ పర్మిట్ లేని బండిని టో చేసి తీసుకుపోతారట.

"మా దేశంలో ఇచ్చిన పర్మిట్ ఉంది," అన్నాను.

"అదేమిటో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడతను. కోపంగా అనలేదు.

ఫోన్లు మాల్ లోపల, చివర ఉన్నాయి. అంతదూరం మళ్ళీ నడవలేనని, ఆమె పేవ్‌మెంట్ అంచున కూర్చుంది. నీడ లేదు. ఐదు నిమిషాల్లో వస్తానని వెళ్ళాను. స్నేహితుడి ఆస్పత్రికి ఫోన్ చేసి, అతను లైన్‌లోకి వచ్చేదాకా ఆగి, టో చేసిన కార్లు ఉంచే యార్డ్ ఎక్కడో కనుక్కుని తిరిగొచ్చేసరికి ముప్పావుగంట పట్టింది.

ఆమె కూర్చున్నచోటే ఉంది. చీర తడిసిపోయింది. కొత్త బూట్ల పెట్టెను ఒళ్ళో అడ్డంగా పట్టుకుంది. జనం ఆమె పక్కనుంచే వెళ్తున్నారు.

"బాత్‌రూమ్‌కి వెళ్దామని లేవడానికి ప్రయత్నించాను. కాళ్ళు రాలేదు," అంది. తర్వాత, "కారు దొరికిందా?" అని అడిగింది.

చొక్కా విప్పి ఆమె నడుముకు చుట్టాను. స్నేహితుడు వచ్చేదాకా బనీనుతో పక్కన కూర్చున్నాను.

ఇంటికొచ్చాక స్నేహితుడి భార్య ఆమెకు స్నానం చేయించి, వేరే చీర కట్టించి, సోఫాలో కూర్చోబెట్టింది. "ముందే కనుక్కుని ఉండాల్సింది తమ్ముడూ," అని నాతో అంది.

నా భార్య వెంటనే అందుకుంది. "ఆయన కనుక్కున్నారు వదినా. పోలీసులే పర్లేదన్నారట. తప్పు వాళ్ళది."

స్నేహితుడు నా వైపు చూశాడు. ముందురోజు సాయంత్రం, "ఫోన్ చేశావా?" అని అతనడిగితే, "అవసరం లేదులే," అన్నది అతనితోనే. "యార్డ్‌కి వెళ్ళి కారు తెచ్చుకుందాం పద," అని నేను లేచాను.

మర్నాడు డాక్టరుగా అతనే సంతకం చేసి, మోటారు వాహనాల ఆఫీసు నుంచి మాకు ఒక తాత్కాలిక పర్మిట్ తెచ్చాడు. అది బీరువా మీదే ఉండిపోయింది. వాషింగ్టన్ వెళ్దామంటే ఆమె తల అడ్డంగా ఊపింది. మిగిలిన తొమ్మిది రోజులూ గది దాటి రాలేదు.

బయల్దేరేముందు రోజు ఆమె కాళ్ళకు నూనె రాస్తూ నిజం చెప్పాను. ఆమె తన పాదాలనే చూస్తూ నా స్నేహితుడి గురించి అడిగింది.

"అన్నయ్యగారికి తెలుసా?"

"తెలుసు."

"అయితే ఆయన ముందు నన్నెందుకు అలా మాట్లాడనిచ్చారు?"

ఆమె కాలు వెనక్కి తీసుకుని, దుప్పటి కప్పుకుంది.

తర్వాత మేము కలిసి బతికింది ఆరేళ్ళు. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. కానీ ఏ ఊరు వెళ్ళాలన్నా, మెట్లున్నాయా, కారు ఎక్కడ ఆపాలి, బాత్‌రూమ్ ఎంత దూరం, అన్నీ తనే ఫోన్ చేసి అడిగేది. చేతులు పట్టు తప్పాక నేను నంబరు తిప్పి, రిసీవర్ ఆమె చెవికి ఆనించి పట్టుకునేవాణ్ణి. "నేను నడవలేనండి," అని మొదలుపెట్టి, అవతలివాళ్ళకు అన్నీ వివరంగా చెప్పేది. అది అయ్యేదాకా నా వైపు చూసేది కాదు.